ట్రాయ్ మెనూమూర్తి

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు అమెరికాలో ఒక చిరునామా ఉంది: డెట్రాయిట్‌కు ఉత్తరాన, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్. బిగ్ బీవర్ రోడ్డు పొడుగునా ఉన్న ఆఫీసు భవంతుల్లో ఏదో ఒకదాంట్లో కార్ల విడిభాగాల మీద పనిచేసే ఇంజనీరు ఒకాయన, పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ వెళ్దామనుకుంటాడు. ఫిబ్రవరిలో ఒకరోజు, వాకిట్లో మంచు పేరుకుని ఇంకా తెల్లవారని ఆరు గంటలకు, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. అరవై రోజుల తర్వాత వచ్చే మంగళవారం పదకొండూ నలభైకి, మూడేళ్లయినా నిండని తన కూతురికి ఆకలేస్తుందని తీర్మానిస్తాడు. ఆ ఆకలికి అయిదుగురు కూర్చునే బల్ల రిజర్వు చేస్తాడు. ఇతన్ని మెనూమూర్తి అందాం. ఇలాంటివాడు ట్రాయ్‌లోనే కాదు, నోవైలోనూ కాంటన్‌లోనూ కూడా వీధికొకడు దొరుకుతాడు. భారతీయ టెంపుల్‌లో దర్శనమయ్యాక చెప్పులు వేసుకునే చోటా, పుట్టినరోజు పార్టీల్లో కాగితం ప్లేటు చేతపట్టుకునీ, కొత్తగా వెళ్లబోయేవాళ్లకు సలహాలిచ్చేది ఇతనే. రైడ్ల గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. భోజనం గురించి అడిగితే మాత్రం ఫోన్ తీసి ఎక్సెల్ షీటు తెరుస్తాడు. అతన్ని చూసి నవ్వడం తేలిక, నవ్వాలి కూడా. అయితే మనం నవ్వుతున్న చోటు మాత్రం సరైనది కాదు.

ముందు ఆ షీటు చూడాలి. అడ్డంగా రోజులు, నిలువుగా పూటలు. శనివారం వెంకటేశ్వరస్వామికని ఇంటిల్లిపాదీ మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజుకు ఆకుపచ్చ రంగు. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారికి కోడిగుడ్డు కూడా పనికిరాదు కాబట్టి ఆవిడకు విడిగా ఒక వరస. మధ్యలో ఏకాదశి పడితే షీటంతా తిరగరాయాల్సిందే. ప్రయాణం తేదీలైనా ఊరికే కుదరలేదు. డిస్నీలో మూడేళ్లు నిండని పిల్లలకు పార్కు టికెట్టు అక్కర్లేదు, బఫేలో భోజనానికీ డబ్బు తీసుకోరు. మూడు నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లల ధర. పదేళ్లు నిండితే, తినేది నాలుగు ఫ్రెంచ్ ఫ్రైలే అయినా, వాడు పెద్దమనిషి. అందుకే మెనూమూర్తి యాత్ర కూతురి మూడో పుట్టినరోజుకు సరిగ్గా ముందురోజు ముగుస్తుంది. దీనికి తోడు ఆఫీసు అలవాటొకటి. ఏ భాగం ఎలా చెడిపోవచ్చో, చెడితే ఏమవుతుందో ముందే రాసిపెట్టుకునే ఎఫ్‌ఎంఈఏ అనే పట్టిక కార్ల పరిశ్రమలో నిత్యపారాయణ గ్రంథం. ప్రమాద తీవ్రతకు పదికి ఇన్ని, జరిగే అవకాశానికి ఇన్ని, ముందుగా పసిగట్టలేని కష్టానికి ఇన్ని అని మార్కులు వేసి మూడింటినీ గుణిస్తారు. మెనూమూర్తి అదే ఇక్కడ వాడతాడు. పెద్ద పిల్లవాడు పాస్తాలో పచ్చటి ఆకు ముక్క కనిపెట్టడం: తీవ్రత తొమ్మిది, అవకాశం ఎనిమిది, పసిగట్టలేని కష్టం పది, వెరసి వెయ్యికి 720. నివారణోపాయం: పార్స్లీ వద్దని వెయిటర్‌కి ముందే చెప్పాలి. బాధ్యుడు: నేనే.

ఇదంతా చూసి లోకం అనే మొదటి మాట, తిండికి ఇంత హంగామా ఎందుకని. సామెతల పక్షం కూడా లోకానిదే: ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు. పిల్లలకు ఆకలేస్తే ఎక్కడ ఏది దొరికితే అది తింటారు, దానికి పట్టికెందుకు అని. ఈ సామెత పుట్టించినవాడు నాలుగేళ్ల పిల్లవాడి ఎదుట అన్నం పళ్లెం పెట్టి చూసి ఉండడు. సుమారు రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్లో కొత్త పదార్థమంటే జంకు బాగా ఎక్కువగా ఉంటుందని శిశుపోషణ శాస్త్రం చెబుతోంది. నడక నేర్చి ఏ ఆకు పడితే అది నోట్లో పెట్టుకోగలిగే వయసులో ప్రకృతి ఇచ్చిన కాపలా ఇదని కొందరి ఊహ. కారణం ఏదైనా, ఆ వయసు పిల్లవాడికి ఆకలి ఎంత ముదిరితే నచ్చే పదార్థాల జాబితా అంత కుదించుకుపోతుంది. పెద్దవాళ్లు ఆకలేస్తే రాజీపడతారు, వాడు నేలమీద పడి దొర్లుతాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు, ఫ్లోరిడా ఎండలో, చుట్టూ వేలమంది జనంలో ఆ దొర్లుడు చూసినవాళ్లెవరూ పదకొండూ నలభైకే బల్ల చూసుకున్న తండ్రిని వెర్రివాడనరు. జనం విరుచుకుపడకముందే తినేయడం ఆ షీటు మొత్తంలోకీ తెలివైన పని.

రెండోది, ఈ వెర్రి అతను పుట్టించింది కాదు. డిస్నీ వరల్డ్‌లో బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లకు రిజర్వేషన్లు అరవై రోజుల ముందే తెరుస్తారు. 2020కి ముందైతే 180 రోజులు, అంటే ఆరు నెలల తర్వాతి ఆకలికి ముహూర్తం పెట్టుకోవాల్సి వచ్చేది. డిస్నీ సొంత హోటళ్లలో దిగేవాళ్లు, వచ్చే రోజుకు అరవై రోజుల ముందు, పది రోజుల బస దాకా అన్ని పూటలూ ఒకేసారి ఖాయం చేసుకోవచ్చు. కాబట్టి కోటలోపలి సిండ్రెల్లా రాయల్ టేబుల్ లాంటి చోట్లకు మిగతావాళ్లు లేచి ముఖం కడుక్కునేలోపే పోటీ సగం అయిపోతుంది. రిజర్వు చేసుకుని రాకపోతే చాలా హోటళ్లలో తలకు పది డాలర్లు కట్టాలి. శాకాహారుల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఇంకేముంది, ఫ్రెంచ్ ఫ్రైలు తినిపిస్తే సరి అనేవాళ్లు ఒక పాత కథ గుర్తుచేసుకోవాలి. మెక్‌డొనాల్డ్స్ తన ఫ్రైలను వెజిటబుల్ ఆయిల్‌లోనే వేయిస్తామని 1990లో ప్రకటించింది. వాటి రుచికోసం గొడ్డుమాంసం సారం కలుపుతున్న సంగతి మాత్రం అమెరికాలోని హిందువులకూ శాకాహారులకూ ఏళ్ల తర్వాత తెలిసింది. 2001లో కోర్టుకెళ్లారు, 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ సంస్థలకూ మరికొన్నింటికీ కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ట్రాయ్ మీదుగా పోయే ఐ-75 ఎక్కితే డిస్నీ వరల్డ్ దాకా 1,150 మైళ్ల పైచిలుకు, ప్రతి ఎగ్జిట్‌లోనూ ఫ్రైలే. కారు వెనక సీట్లో గుంటూరు అత్తగారు. ఆవిడ అడిగే ఒక్క ప్రశ్నకు, “ఇందులో ఏం కలిపారు నాయనా?” అన్నదానికి, తడుముకోకుండా జవాబు చెప్పాలంటే పట్టిక ఉండాల్సిందే.

మూడో అభ్యంతరం మనలో మనం గర్వంగా చెప్పుకునేది. మన చిన్నప్పుడు తిరునాళ్లకూ, పుష్కరాలకూ, కార్తీక వనభోజనాలకూ వెళ్లలేదా? నాంపల్లిలో 1938 నుంచి నడుస్తున్న నుమాయిష్‌కి పిల్లాపాపలతో పోలేదా? పులిహోర, పెరుగన్నం, జంతికలు మూటగట్టుకుని పోయేవాళ్లం, ఏ పట్టికా లేదు అంటారు. మాట సగం నిజం. మూట ఇప్పటికీ పనికొస్తుంది. డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు కూడా. ముఖ్యంగా గాజు సీసాలు ఉండకూడదు, వేడిచేయాల్సినవి ఉండకూడదు. చింతపండు, నూనె పడ్డ పులిహోరకు ఈ రెండు షరతులూ కొత్తేం కాదు. ఐసు వేసిన మంచినీళ్ల గ్లాసు కౌంటర్లలో ఉచితంగానే ఇస్తారు. కానీ పట్టిక లేదన్న రెండో సగమే అబద్ధం. నాలుగింటికి లేచి చింతపండు పులుసు ఉడికించిందెవరు? చిన్నవాడికి కారం లేకుండా విడిగా తీసిందెవరు? పెరుగు పులిసిపోకుండా పాలు పోసి కలిపిందెవరు? మామగారికి ఉపవాసమని అటుకులు వేరే కట్టిందెవరు? అమ్మే. ఆమె తలలో ఉన్నది మెనూమూర్తి షీటుకన్నా పెద్ద పట్టిక. వరసలు ఎక్కువ, రంగులు లేవు, బాధ్యుల పేరు రాయాల్సిన గడి అసలే లేదు. అది కనబడలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. అదే పని ఈరోజు తండ్రి చేసి, కాలమ్‌లు గీసి, పార్టీలో పదిమందికి చూపించేసరికి అది హాస్యపాత్ర అయింది. నవ్వదలిస్తే ఈ చాటింపును చూసి నవ్వాలి. మగవాడు ఒక పూట తిండి ఆలోచించినందుకు ప్రెజెంటేషన్ ఇవ్వడం నిజంగానే నవ్వొచ్చే విషయం. ఆలోచించడం మాత్రం కాదు.

అసలు నవ్వాల్సింది ఇంకొకటుంది. అది ప్లాన్ వేసినప్పుడు కాదు, బల్ల ముందు కూర్చున్నాక బయటపడుతుంది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే హోటల్ ఉంది. కిటికీ బయట జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. లోపల నాన్‌లు, వాటితో రకరకాల చట్నీలు, రైతా ఒకే పళ్లెంలో వస్తాయి. శాకాహారులకు ఇంతకన్నా అనుకూలమైన చోటు దొరకదని మెనూమూర్తి లెక్క. లెక్క సరైనదే. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, కూతురు మాత్రం జిరాఫీ వంక చూస్తూ “నాకొద్దు” అంటుంది. పెద్దవాడు నాన్ చివర ఒక నల్లటి మచ్చ చూపించి, ఇది మాడిందంటాడు. అక్కడ మన మనిషి మారిపోతాడు. అంతదాకా పిల్లల కోసం ఉన్న ప్లాన్ కోసం ఇప్పుడు పిల్లలు ఉండాలి. “అరవై రోజుల కిందట బుక్ చేశాను నాన్నా, ఒక్క ముద్ద” అని బతిమాలతాడు. మూడేళ్లు నిండనివాళ్లకు అరవై రోజుల కిందట అన్నది పూర్వజన్మ. భార్య “ఏవండీ, వదిలేయండి” అంటుంది. వదిలేస్తే పెట్టిన ఖర్చు? అందుకని పిల్లలు వదిలేసినవన్నీ తనే తింటాడు. ఆ వారంలో కుటుంబం మొత్తంమీద బరువు పెరిగేది అతనొక్కడే, ఆ గడి షీటులో లేదు.

రిజర్వేషన్ అనేది కుర్చీకే దొరుకుతుంది, ఆకలికి దొరకదు. మెనూమూర్తి పొరపాటంతా ఈ రెండింటినీ ఒకటనుకోవడంలో ఉంది. అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ 1980ల నుంచీ చెబుతూ వస్తున్న ఒక పంపకం ఉంది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది తల్లిదండ్రుల పని, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ఈ హద్దు గీసి చూస్తే మెనూమూర్తి అరవై రోజుల కష్టం గీతకు ఇవతల నూటికి నూరుపాళ్లూ సబబు. గీత దాటిన క్షణం నుంచి అదే కష్టం పిల్లల మీద పెత్తనం. డబ్బు దండగ కాదా అనేవాళ్లుంటారు. దండగే. నలభై డాలర్ల బఫేలో పెద్దవాడు రెండు ద్రాక్షపళ్లు తింటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ బతిమాలినంత మాత్రాన ఆ డాలర్లు తిరిగిరావు, పైగా ఆ మధ్యాహ్నం కూడా వాటితోపాటే పోతుంది. క్రమశిక్షణ మాటేమిటంటారా, మూడేళ్ల పిల్లకు క్రమశిక్షణ నేర్పడానికి మిక్కీ మౌస్ బల్లల మధ్య తిరుగుతూ చేతులూపే చోటుకన్నా పనికిమాలిన బడి భూమ్మీద లేదు.

విచిత్రం ఏమిటంటే, దేన్ని ముందు చూడాలన్న పాఠం మెనూమూర్తి తన వృత్తిలో ఎప్పుడో నేర్చుకున్నాడు. మూడు అంకెలనూ గుణించే పాత ఎఫ్‌ఎంఈఏ పద్ధతి మోసం చేస్తుందని కార్ల పరిశ్రమే గుర్తించింది. చిన్న చికాకులు పెద్ద అంకెలు తెచ్చుకుని ముందుకొస్తాయి, ప్రాణాల మీదికి తెచ్చేవి చిన్న అంకెతో వెనకబడతాయి. అందుకే ట్రాయ్‌కు కూతవేటు దూరంలో, సౌత్‌ఫీల్డ్‌లో ఉన్న ఏఐఏజీ అనే కార్ల పరిశ్రమ సంఘం, జర్మన్ కార్ల పరిశ్రమ సంఘమైన వీడీఏతో కలిసి 2019లో తెచ్చిన చేతిపుస్తకంలో ఆ గుణకారాన్ని పక్కన పెట్టి, అన్నిటికన్నా ముందు తీవ్రతను చూడమన్నారు. ఆఫీసులో అలాగే చేస్తాడు. సెలవుల షీటులో మాత్రం ఇంకా గుణిస్తూనే ఉన్నాడు. తీవ్రతే ముందు చూస్తే, పార్స్లీ 720తో పైన కూర్చోదు. పైకి రావాల్సింది ఒక్కటే: అలిసిన పిల్లను లేపి, ఇష్టంలేని చోటుకు, టైము అయిందని మోసుకుపోవడం. దానికి నివారణోపాయం డిస్నీయే ఇచ్చింది. ఎక్కువ హోటళ్లలో భోజనానికి రెండు గంటల ముందు దాకా రిజర్వేషన్ రద్దు చేసుకోవచ్చు, పైసా పోదు. ఆ మీట నొక్కడమంటే మెనూమూర్తికి ఓటమి. నిజానికి ఆ షీటు మొత్తంలో పిల్లల మాట వినే గడి అదొక్కటే. ప్లాన్ వేయగలిగినవాడికే రద్దు చేసే వీలుంటుంది, వేయనివాడికి క్యూ తప్ప ఏమీ లేదు. కాబట్టి ఈసారి పార్టీలో అతను ఫోన్ తీసి షీటు చూపిస్తే నవ్వకుండా పూర్తిగా వినండి. విన్నాక, ఎన్ని దొరికాయని కాదు, ఎన్ని రద్దు చేశారని అడగండి. అంకె చెప్పగలిగితే అతని సలహా రాసుకోవచ్చు. ఒక్కటీ లేదని గర్వంగా అన్నాడా, పిల్లల్ని అడిగితే సరి, ఏదో ఒకటి తినమని ఏడిపించాడని వాళ్లే చెబుతారు.