ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు

మన చిన్నా చితకా ల్యాబుల సీఆర్‌పీ రిపోర్టులు నాలుగు ముందేసుకుని చూడండి. 6, 12, 24, 48. పొరపాటున కూడా 17 రాదు. వాపు వస్తే లివర్ తయారుచేసే ఈ ప్రొటీన్‌కి రెట్టింపు లెక్కలు ఎవరు నేర్పారో!

కిటుకంతా స్లైడు మీద ఉంది. ఒక చుక్క సీరం, ఒక చుక్క లేటెక్స్. పుల్లతో కలిపి, రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపుతారు. లేటెక్స్ రేణువులు గుంపు కడితే పాజిటివ్. ఆపైన సీరాన్ని సెలైన్‌తో రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు పలచన చేస్తూ పోయి, గుంపు కట్టిన ఆఖరి మెట్టును కిట్ పట్టుకోగల కనీస మోతాదు 6తో హెచ్చవేస్తారు. అంటే 24 కొలత కాదు, 24కీ 48కీ నడుమ ఎక్కడో ఉందన్న అంచనా. అదీ టెక్నీషియన్ కంటిచూపు మీద, ట్యూబ్‌లైటు దయ మీద. సీఆర్‌పీ మరీ విపరీతంగా ఉంటే, పలచన చేయని సీరం అసలు గుంపు కట్టకపోవచ్చు. ప్రోజోన్ అంటారు దీన్ని. ఒళ్లు కాలిపోతున్నవాడికే ‘నెగటివ్’ అన్న శుభవార్త!

మసకను కాంతితో కొలిచే నెఫెలోమెట్రీ, టర్బిడిమెట్రీ మెషీన్లు అసలు అంకె ఇస్తాయి. వాటికి మన విరుగుడు యూనిట్లు. ఒకచోట మిల్లీగ్రాములు లీటరుకు, పక్క వీధిలో డెసిలీటరుకు. పొద్దున 48, సాయంత్రం 4.8. ఉన్నది ఉన్నట్టే ఉన్నా, మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంబరం. 2021లో కోవిడ్ రెండో అల అప్పుడు మనిషి ఎలా ఉన్నాడని కాదు, సీఆర్‌పీ ఎంత అనే కదా ఫోన్లలో పరామర్శ!

ఇక హెల్త్ ప్యాకేజీలో కొసరు హెచ్‌ఎస్-సీఆర్‌పీ, అంటే హై సెన్సిటివిటీ సీఆర్‌పీ. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే గుండెకు ముప్పు ఎక్కువని లెక్క. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చేయాల్సిన పరీక్ష. మనం జలుబుతో ముక్కు చీదుతున్నవాడికి చేస్తాం. అంకె పెరుగుతుంది, గుండె అదురుతుంది, ఇంకో ప్యాకేజీ అమ్ముడవుతుంది.

టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే పరిశోధకులు న్యూయార్క్‌లో న్యుమోనియా రోగుల రక్తంలో సీఆర్‌పీని పట్టుకున్నది 1930లో. ఇన్నేళ్లయినా చాలా రిపోర్టుల్లో క్యూఆర్ కోడ్, రంగుల లోగో, డిజిటల్ సంతకం అన్నీ ఉంటాయి. ఏ పద్ధతిలో కొలిచారో రాయడానికి మాత్రం సిరా చాలదు.

కాబట్టి డబ్బు కట్టేముందే కౌంటర్లో అడగండి: స్లైడా, మెషీనా? యూనిట్ ఏది? పోయినసారి పద్ధతి వేరైతే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి కంగారు పడకండి, సంబరమూ పడకండి.