కాటా దగ్గర ఆగిన సర్వర్

పెళ్లికి ముహూర్తం కుదర్చడమే కష్టమనుకునేవాళ్లు జన్మలో కంపెనీ సర్వర్ మార్చి ఉండరు. పెళ్లికి రెండు జాతకాలు చూస్తే సరిపోతుంది. సర్వర్‌కి అలా కాదు. నెల మొదట్లో అకౌంట్స్ వాళ్లు కిందటి నెల పుస్తకాలు మూస్తుంటారు, అప్పుడు ముట్టుకోకూడదు. 7న టీడీఎస్ కట్టాలి. 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, 20న జీఎస్టీఆర్-3బీ. 25 దాటితే జీతాల లెక్క మొదలవుతుంది. అదే వారం సేల్స్ వాళ్లు టార్గెట్ కోసం దొరికిన లారీనల్లా నింపి పంపుతుంటారు. ఇక మిగిలేది 21 నుంచి 24 వరకు. అందులో ఒక శనివారం పడాలి. అది పండక్కి తగలకూడదు, ఆడిటర్లు వచ్చి కూర్చునే వారం కాకూడదు. ఇన్ని దాటుకుని ఒక శనివారం దొరికింది. జులైలో దొరికింది. మా కంపెనీ పెద్దాయన పంచాంగం తెరిచి, “ఆషాఢం కదయ్యా!” అన్నారు.

మాది సిమెంటు కంపెనీ. ఫ్యాక్టరీ కృష్ణ ఒడ్డున, హెడ్డాఫీసు హైదరాబాదులో. సున్నపురాయి తవ్విన దగ్గర్నుంచి బస్తా లారీ ఎక్కి, ఆ డబ్బు బ్యాంకులో పడేదాకా అంతా ఎస్‌ఏపీ అనే సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతుంది. దాని వెనక ఒరాకిల్ డేటాబేస్. రెంటినీ మోసే సర్వర్‌కి కాపలా ఉండడం నా ఉద్యోగం. అమీర్‌పేటలో ఈ విద్యకి ‘బేసిస్’ అని బోర్డు కట్టి నేర్పుతారు. మా నాన్నగారు మాత్రం చుట్టాలకి “మావాడు కంప్యూటర్ ఆగిపోకుండా చూస్తాడు” అని చెబుతారు. నా అపాయింట్‌మెంట్ ఆర్డర్లో రెండు పేజీలు రాసినదాని సారాంశం కూడా అదే.

అసలు మార్చడం ఎందుకంటే, పాత సర్వర్‌లో ఉన్నది ఇటానియం చిప్పు. హెచ్‌పీ, ఇంటెల్ కలిసి తయారుచేసి 2001లో లోకం మీదికి వదిలారు. లోకం పెద్దగా పట్టించుకోలేదు గానీ మా కంపెనీ పట్టించుకుంది. 2021 జులైతో ఆ చిప్పుల సరఫరా ఆగిపోయింది. దాని మీద నడిచే హెచ్‌పీ-యూఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి కూడా 2025 డిసెంబరు 31 ఆఖరు రోజని ముందే చెప్పేశారు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరకని కంప్యూటర్ విడిభాగం ఉండదని నాకో నమ్మకం ఉండేది. పవర్ సప్లై ఫోటో పట్టుకెళ్లి చూపిస్తే, కౌంటర్‌లో కుర్రాడు ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి “ఇది ఫ్రిజ్జుదా సార్?” అన్నాడు. ఆ మాట మేనేజ్‌మెంట్ మీటింగులో చెప్పాక గానీ బడ్జెట్ కదల్లేదు.

ఆషాఢం దగ్గర ఆగాం కదా. పెద్దాయనకి ఎదురు చెప్పడం మా కంపెనీలో అలవాటు లేదు. అయినా నా దగ్గర ఒక అస్త్రం ఉంది. ఎస్‌ఏపీ ఆర్/3 అధికారికంగా విడుదలైంది 1992 జులై 6న. ఆ తేదీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌ని కొత్తగా ఎక్కించినప్పుడు పెద్ద యూజరుకి ఉండే పాస్‌వర్డు చాలాకాలం అదే అంకెలు: 06071992. (లోకమంతటికీ తెలిసిన పాస్‌వర్డు. మార్చకపోతే ఆడిటర్ పండగ చేసుకుంటాడు.) ఆ ఏడు జూన్ 30న అమావాస్య, సూర్యగ్రహణం. అంటే జులై 6 నాటికి ఆషాఢ శుద్ధం నడుస్తోంది. “పుట్టడమే ఆషాఢంలో పుట్టిందండీ, దానికి ఆషాఢం దోషమేమిటి?” అన్నాను. పెద్దాయన చాలాసేపు ఆలోచించి పురోహితుడు గారికి ఫోన్ చేశారు. ఆయన నాకన్నా ప్రాక్టికల్ మనిషి. “నూతన ప్రతిష్ఠ అనకండి, జీర్ణోద్ధరణ అని సంకల్పం చెప్పుకోండి, దోషం లేదు” అన్నారు. ఈ మార్పు కోసం నెలల తరబడి కన్సల్టెంట్లు గంటల లెక్కన బిల్లులు వేసి ఇచ్చిన సలహాల్లో ఇంత సూటిగా ఉన్నది నాకు ఒక్కటీ గుర్తులేదు.

పూజ కూడా చేశాం. సర్వర్ గదిలో పొగ కనిపెట్టే యంత్రాలు ఉంటాయి, కర్పూరం వెలిగిస్తే నిప్పంటుకుందనుకుని గ్యాస్ వదులుతాయి. అందుకని అద్దం తలుపు బయట నిలబడి హారతిచ్చాం. కొబ్బరికాయ పార్కింగులో కొట్టాం. బొట్టు మాత్రం గాలి పోయే చిల్లులు వదిలేసి జాగ్రత్తగా పెట్టాం.

ఇక అసలు పని. పాత డబ్బాలో ఫైళ్లు కాపీ చేసి కొత్త డబ్బాలో పేస్టు చేస్తే అయిపోతుంది కదా అని డైరెక్టర్ల దగ్గర్నుంచి డ్రైవర్ల దాకా అందరూ అడిగారు. అవదు. దానికి కోడిగుడ్డు కారణం. 1726లో జొనాథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ కథలో, గుడ్డుని పెద్ద కొస వైపు పగలగొట్టాలా చిన్న కొస వైపు పగలగొట్టాలా అని రెండు రాజ్యాలు కొట్టుకుంటాయి. కంప్యూటర్లలోనూ అదే గొడవ. ఒక సంఖ్యని రాసేటప్పుడు పెద్ద భాగం ముందుండాలని కొన్ని మెషిన్లు, చిన్న భాగం ముందుండాలని కొన్ని. డానీ కోహెన్ అనే ఆయన 1980 ఏప్రిల్ 1న ఒక వ్యాసం రాసి, ఈ రెండు వర్గాలకీ ఆ గుడ్ల పేర్లే పెట్టి, దయచేసి శాంతించండని వేడుకున్నాడు. ఏప్రిల్ ఒకటో తారీఖున చెప్పిన మాట ఎవడు వింటాడు? మా పాత హెచ్‌పీ-యూఎక్స్ పెద్ద కొస వర్గం. కొత్తగా కొన్న ఇంటెల్ లినక్స్ మెషిన్ చిన్న కొస వర్గం. కాబట్టి 3 టెరాబైట్ల డేటాని ఒక్కొక్క టేబుల్‌గా విప్పి, ఏ కొసకీ చెందని రూపంలో బయటికి తీసి, అవతల మళ్లీ కట్టాలి. గిగాబిట్ తీగ మీద సెకనుకి 125 మెగాబైట్లు పోతాయంటారు. అది కాగితం మీద మాట. ఆ కాగితం మీద కూడా ఒక్కో టెరాబైటుకి రెండు గంటల పైనే పడుతుంది. అదీ దారి ఖర్చు మాత్రమే, విప్పడం కట్టడం వేరే.

శనివారం రాత్రి 8కి యూజర్లందర్నీ బయటికి పంపాం. ఆ తర్వాత జరిగినది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పోతుంటాయి. పదిమంది వెనక నిలబడి చూస్తుంటారు. ఎవరికీ అర్థం కాదు గానీ పోతున్నాయి కాబట్టి మంచిదే అనుకుంటారు. అర్ధరాత్రి బిర్యానీ వచ్చింది. ఎక్సెల్ షీట్‌లో ప్రతి పనికీ ఒక బాధ్యుడి పేరుంది, బిర్యానీకి లేదు. రాత్రంతా ఎవరూ గుర్తుచేయకుండా వేళకి జరిగినది అదొక్కటే. ఆదివారం పొద్దున కొత్త మెషిన్ మీద ఎస్‌ఏపీ లేచి, లైసెన్సేదని అడిగింది. అది పాత సర్వర్‌ని చూసి ఇచ్చిన లైసెన్సు, కొత్త ముఖాన్ని గుర్తుపట్టదు. 4 వారాల తాత్కాలిక లైసెన్సు పెట్టాం. సాయంత్రానికి లెక్కలన్నీ సరిపోయాయి. అందరం ఫోటో దిగాం.

సోమవారం ఉదయం ఏడింటికి ఫ్యాక్టరీ నుంచి కాటా అన్న ఫోను. వేబ్రిడ్జి దగ్గర లారీలు తూచే ఆయన.

“సార్, సర్వర్ దొర్కుతలేదంటుంది కంప్యూటరు. బండ్లు చెర్వుకట్ట దాక నిలవడ్డయ్.”

“ఎస్‌ఏపీ బాగానే ఉందే అన్నా.”

“మీ కాడ బాగనే ఉంటది సార్. లారీలు నా కాడ ఉన్నయ్.”

కాటా దగ్గర ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. 2014 ఏప్రిల్‌తో మైక్రోసాఫ్ట్ దానికి సెలవిచ్చేసింది. కాటాని సర్వర్‌తో కలిపే చిన్న ప్రోగ్రాం ఎవరో రాశారు. ఆ ఎవరో కంపెనీ మానేసి చాలాకాలమైంది. అందులో పాత సర్వర్ ఐపీ అడ్రసుని, పేరు కాకుండా అంకెలతో సహా, రాతి మీద చెక్కినట్టు రాసిపెట్టారు. కన్సల్టెంట్లు గీసిన రంగురంగుల బొమ్మలో ఈ కాటా లేదు. బరువు రాకపోతే ఇన్వాయిస్ లేదు, ఇన్వాయిస్ లేకపోతే ఈ-వే బిల్లు లేదు. 50 వేల రూపాయలు దాటిన సరుకు ఆ బిల్లు లేకుండా గేటు దాటదు. కొత్త తరం చిప్పు, టెరాబైటు మెమరీ, అన్నీ కలిపి ఒక్క బస్తాని కూడా కదిలించలేకపోయాయి. చివరికి పాత సర్వర్‌కి వేరే అడ్రసిచ్చి, దాని అడ్రసు కొత్తదానికి తగిలించాం. లారీలు కదిలాయి.

కదిలి గేటు దగ్గర మళ్లీ ఆగాయి. గేట్ పాస్ మూడు కార్బన్ కాపీలతో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద రావాలి. రాలేదు. అదే సమయానికి హైదరాబాదులో హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసి, “మీరేమైనా లారీలు కొంటున్నారా? నా ప్రింటర్ ఆగట్లేదు” అన్నారు. రెండు ప్రింటర్ల పేర్లలో ఒక్క అంకె తేడా. ఆ పేరు మార్చడానికి నిమిషం పట్టింది. మేడమ్ గదిలోంచి కాగితాలు ఏరుకురావడానికి చాలా నిమిషాలు పట్టింది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కంగారుపెట్టింది భీమవరం నుంచి వచ్చి మా అకౌంట్స్‌లో స్థిరపడ్డ ఇంకో పెద్దాయన. డీలర్ల బాకీల రిపోర్టు పాత సర్వర్ మీద నలభై నిమిషాలు పట్టేది. బటన్ నొక్కి కిందికెళ్లి, టీ తాగి, రెండు ఫోన్లు మాట్లాడి వచ్చేవారు. కొత్తదాని మీద నాలుగు నిమిషాల్లో వచ్చేసింది.

“ఇదేంటండీ బాబూ, అప్పుడే వచ్చేసిందండీ!”

“అందుకే కదండీ మార్చింది.”

“కాదండీ. ఇంత తొందరగా వచ్చిందంటే ఎక్కడో ఏదో వదిలేసుంటదండీ.”

వారం రోజులు కాలిక్యులేటర్ పెట్టుకుని ప్రతి డీలర్ లెక్కా చూశారు. పైసా తేడా రాలేదు. తేడా రాకపోవడం ఆయన అనుమానాన్ని ఇంకా పెంచింది. ఆఖరికి ఆయన తృప్తి కోసం అదే రిపోర్టుని పాత సర్వర్ మీద ఒకసారి నడిపి చూపించాం. నలభై నిమిషాలు పట్టింది. అవే అంకెలు వచ్చాయి. అప్పుడు నమ్మారు.

అందుకే పాత సర్వర్ ఇంకా ఆపలేదు. కాగితం మీద కారణం వేరే ఉంది. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి, కాబట్టి పాతది ‘రిఫరెన్సు కోసం’ ఉంచాలని నోట్ ఫైలులో రాశారు. డేటా అంతా కొత్తదాంట్లోనే ఉందని నేను కింద రాశాను. ‘చూశాను’ అని సంతకం వచ్చింది. కాబట్టి మా కంపెనీ ఇప్పుడు రెండు సర్వర్లకి కరెంటు బిల్లు కడుతోంది.

మీ ఆఫీసులో ఈ పని మొదలుపెట్టబోతుంటే కన్సల్టెంట్‌ని పిలవడానికి ముందు ఒక పూట వెళ్లి కాటా దగ్గర కూర్చోండి. కాటా లేకపోతే స్టోర్సులోనో, గేటు దగ్గరో కూర్చోండి. ఏ డబ్బాకి ఏ తీగ వెళ్తుందో వాళ్లే చెబుతారు. టీ కూడా వాళ్లే ఇప్పిస్తారు, దానికి బిల్లు రాదు.