మొహాలు మారతాయి, నేను మారను

నేను ఫ్లెక్సీ ఫ్రేమును. విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప గొట్టాలు కోసి, వెల్డింగ్ పెట్టి నన్ను తయారుచేశారు. నా ఎత్తు 15 అడుగులు. గన్నవరం, ఉయ్యూరు, పామర్రు, గుడివాడ సెంటర్లన్నీ చూశాను. పుట్టినరోజుకీ నేనే, పెద్దకర్మకీ నేనే. నా మీద నవ్వే మొహాలు మారుతుంటాయి, పార్టీలూ మారుతుంటాయి.

చట్టంలో నా ఊసు ఉందంటే మీరు నమ్మరు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల ప్రకారం, తొడుగు లేని కరెంటు తీగల కిందికి, ఉండాల్సిన ఎడం తగ్గిపోయేలా గొట్టాలూ కడ్డీలూ తీసుకుపోకూడదు. 2023లో ఆ నిబంధనలను తిరగరాసినా ఈ మాట పోలేదు. మినహాయింపు ఒకటుంది: అందుకు నియమితుడైన మనిషి దగ్గరుండి చూసుకుంటే తీసుకుపోవచ్చు. కరెంటు ఎగిరి అంటుకునేంత దగ్గరికి మాత్రం, ఆయనున్నా సరే, తేకూడదు.

ఆ మనిషిని నేనింతవరకూ చూడలేదు. నన్ను లేపేది అర్ధరాత్రి. "లైన్‌మన్‌ని పిలుద్దాం రా" అని ఒక కుర్రాడంటే, "కరెంటు తీస్తే ఊరంతా తిడతారు, నువ్వు పట్టుకో ముందు" అని కసిరారు. మినహాయింపు ఉంచుకుని, మనిషిని వదిలేశారన్నమాట.

రోడ్డు దాటే 11 కేవీ తీగ కనీసం 6.1 మీటర్ల ఎత్తున, అంటే 20 అడుగుల మీద ఉండాలి. రోడ్డు కాని చోట 4.6 మీటర్లు చాలు. అది దాదాపు నా ఎత్తే. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు వేసినప్పుడల్లా తీగ కిందికి దిగినట్టే. ఇక నన్ను ట్రాక్టరు ట్రక్కులో నిలబెట్టి లేపితే ఏ లెక్కా నిలవదు. పైగా నన్ను లేపడానికి నలుగురు పట్టాలి. ఇనుమును కదా, తీగ తగిలితే పట్టుకున్న అందరికీ ఒకేసారి పంచుతాను.

2024 నవంబరులో తూర్పు గోదావరి జిల్లా తాడిపర్రులో సర్దార్ పాపన్న గౌడ్ విగ్రహావిష్కరణ కోసం ఫ్లెక్సీ కడుతూ నలుగురు యువకులు కరెంటు తగిలి చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే, 2022 ఆగస్టులో, రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. అది పర్యావరణం కోసం. ప్లాస్టిక్ బదులు గుడ్డ కట్టినా, దాన్ని మోసే ఇనుము నేనే కదా!

కరెంటు వాళ్ల నంబరు 1912. లైన్‌మన్ వచ్చి, ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకుని కరెంటు ఆపించి, తీగను ఎర్త్ చేసి, "ఇక లేపండి" అన్నాకే నన్ను ముట్టుకోండి. ఆయన రాకపోతే ట్రక్కులోనే పడుకోబెట్టండి. నాకేం తొందర లేదు, పుట్టినరోజు మీ అన్నయ్యది.