ఆర్పీ గారి సంచి

ఆర్పీ గారిని పోల్చుకోవడానికి మొహం చూడక్కర్లేదు, సంచి చాలు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఏదో బట్టల కొట్టువాళ్లు పెళ్లి బట్టలకి ఇచ్చిన పెద్ద క్యారీ బ్యాగు. అందులో చుట్టలు చుట్టిన చార్టులు, స్కెచ్ పెన్నులు, రెండు కత్తెరలు (ఒకటి ఎలాగూ పోతుంది), పేపరు గ్లాసులు, ఊదని బెలూన్లు, ఒక మెత్తటి బంతి. ఆ బంతి ఎవరి ఒళ్లో పడితే వాళ్లు లేచి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాలి. ఏళ్ల తరబడి మా మండలంలో ఎగిరి ఎగిరి దానికి తెలివి వచ్చేసింది. సూటిగా వెళ్లి, కిటికీ పక్కన కూర్చుని డీఏ బకాయిల గురించి గుసగుసలాడేవాడి ఒళ్లోనే పడుతుంది.

ఆర్పీ అంటే టీచర్లకి శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్. ఆ మాటకి తెలుగు వెతికే ఓపిక మా శాఖలో ఎవరికీ లేకపోయింది. జిల్లాలో చెబితే డీఆర్పీ. మండలంలో చెబితే ఎమ్మార్పీ. ఈ రెండోది వింటే నాకెప్పుడూ సబ్బు పెట్టె మీది ధరే గుర్తొచ్చేది. పదోన్నతి కాదు, జీతం పెరగదు, అయినా ఒకసారి ఆర్పీ అయినవాడు మళ్లీ మామూలు మాస్టారు కాలేడు. పెళ్లి పందిట్లో కూడా వడ్డన దగ్గర జనాన్ని వన్, టూ, త్రీ, ఫోర్ అని లెక్కబెట్టి బంతులు విడదీస్తాడు.

శిక్షణ తొమ్మిదిన్నరకి అంటారు. పదింటికి మైకు వస్తుంది, పదింబావుకి మైకు పనిచెయ్యదని తేలుతుంది. అప్పుడు ఆర్పీ గారు మైకు అక్కర్లేని కంఠంతో "గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్!" అంటారు. మేం ఏదో గొణుగుతాం. "ఐ కాంట్ హియర్ యూ!" అంటారు. ఈసారి పక్కన ఎండీవో ఆఫీసుకి వినబడేలా అరుస్తాం. ఆ వెంటనే ఆయన ఆ రోజుకి అసలు ప్రకటన చేస్తారు: "ఈ క్షణం నుంచి మీరు టీచర్లు కారు. మూడో తరగతి పిల్లలు."

రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉన్న మా సీనియర్ మాస్టారు ఒకాయన ఈ మాటని అక్షరాలా పాటించారు. పావుగంట కాగానే లేచి నిలబడి చిటికెన వేలు చూపించారు. ఆర్పీ గారు కాదనలేకపోయారు. పిల్లవాడు టీ కొట్టుకి వెళ్లి, లంచ్ బెల్లుకి తిరిగొచ్చాడు.

తర్వాత గ్రూపులు. రోజ్, లోటస్, లిల్లీ, జాస్మిన్. బీపీ మాత్రలు జేబులో పెట్టుకున్న మాస్టార్లం జాస్మిన్ అయి కూర్చుంటాం. గ్రూపులో దస్తూరీ బాగున్న టీచరమ్మ చార్టు రాస్తుంది. నిరుడు డీఎస్సీలో వచ్చిన కుర్రాడు దాన్ని వివరిస్తాడు. మిగతావాళ్లలో ఇద్దరం చార్టు చెరో కొసా పట్టుకుంటాం. దీన్ని సహకార అభ్యసనం అంటారు.

ఐడియాలు మాత్రం మంచివే. నేను ఎకసెక్కం చేసేది ఐడియాని కాదు. రన్నింగ్ డిక్టేషన్ ఉంది చూడండి. వరండా గోడకి ఒక పేరా అతికిస్తారు. జతలో ఒకడు పరుగెత్తి వెళ్లి ఒక వాక్యం చదివి, మనసులో పెట్టుకుని, వెనక్కి పరుగెత్తుకొచ్చి రెండోవాడికి చెప్పాలి. వాడు రాయాలి. చదవడం, గుర్తుంచుకోవడం, పలకడం, వినడం, రాయడం అన్నీ ఒక్క ఆటలో. ఖర్చు ఒక కాగితం. ఆ రోజు మా వరండాలో గోడ మీద ఉన్న వాక్యం "ది ఓల్డ్ ఫార్మర్ హ్యాడ్ ఎ లేజీ డాంకీ". నా జతగాడు మోకాళ్లు పట్టుకుని రొప్పుతూ తెచ్చింది "ది గోల్డ్ ఫార్మర్ హ్యాడ్ ఎ లేడీ డాక్టర్". నేను రాసేశాను. రైతు పరిస్థితి మెరుగుపడినందుకు సంతోషించాను కూడా.

మర్నాడు మా ఎనిమిదో తరగతిలో అదే పెట్టాను. అరవై రెండు మంది పిల్లలు. ముప్ఫై ఒక్కరు ఒకేసారి తలుపులోంచి బయటికి దూకారు. ఆరు నిమిషాల్లో హెచ్చెమ్ గారు బెత్తంతోనూ, పక్క గది లెక్కల మాస్టారు కోపంతోనూ, అటెండరు కుతూహలంతోనూ వచ్చారు. మళ్లీ స్కూల్ కాంప్లెక్సు మీటింగులో ఈ మాటే అడిగాను: "అరవై మంది ఉంటే ఎలా సార్?" ఆర్పీ గారి మొహం వెలిగింది. "వెరీ గుడ్ క్వశ్చన్! ఒక స్లిప్పు మీద రాసి పార్కింగ్ లాట్‌లో పెట్టండి."

పార్కింగ్ లాట్ అంటే గోడకి అతికించిన ఖాళీ చార్టు. సందేహాలన్నీ దాని మీద అంటించాలి, చివర్లో చర్చించుకుంటాం. "ఒకే టీచరు, రెండు తరగతులు, ఎలా?", "బెంచీలు కదలవు", "ప్రొజెక్టరు ఉంది, కరెంటు లేదు". సాయంత్రం నాలుగున్నరకి బస్సుల వేళ అవుతుంది. ఆర్పీ గారు ఆ చార్టుని జాగ్రత్తగా చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంటారు. ఆ సంచిలో ఎన్ని మండలాల సందేహాలు బస్సెక్కి తిరుగుతున్నాయో!

ఆర్పీల వంశం ఇవాళ్టిది కాదు. హైదరాబాదులో ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. అదే 1972లో సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ అయింది. మా తరం మాస్టార్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు, అదీ కొంచెం లోగొంతుకతో, కాశీ వెళ్లొచ్చినవాడు గంగ అన్నట్టు. ఆ సంస్థ పెట్టిన మరుసటేడు, 1959లో, పక్కనున్న మద్రాసు రాష్ట్రంలో ఇంకా పెద్ద పని తలపెట్టారు. ఇంగ్లీషు మొదలుపెట్టే తరగతులకి చెప్పే టీచర్లు ఇరవై ఏడు వేల మందికి మళ్లీ శిక్షణ. కొందరికి నేర్పితే వాళ్లు ఇంకొందరికి, వాళ్లు మరికొందరికి. దొర్లేకొద్దీ పెరుగుతుంది కనక దీనికి స్నోబాల్ అని పేరు. మద్రాసులో మంచుముద్ద! అది చాలనట్టు, మద్రాస్ ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచింగ్ అన్న మాటల తొలి అక్షరాలు కలిపి ఆ ఉద్యమాన్నే మెల్ట్ అన్నారు. పెట్టినవాళ్లు ఎండాకాలం చూసే పెట్టారేమో.

ఇప్పుడు మంచుముద్ద పోయి కాస్కేడ్ వచ్చింది, అంటే మెట్టుమెట్టుగా దిగే జలపాతం. పైన ధారగా పడుతుంది. జిల్లాకొచ్చేసరికి కుళాయి. కాంప్లెక్సు మీటింగులో, టీకీ సమోసాకీ మధ్య, మా నెత్తిన చిలకరింత. తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకుని సంతకం పెట్టి వస్తాం.

ఆర్పీ గారికి మహానుభావులందరూ మేనమామ వరస. బెంగళూరులో ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా ఒక ప్రాజెక్టు నడిపారు. వ్యాకరణ పాఠాలు పక్కన పెట్టి, పిల్లలకి మ్యాపులూ రైళ్ల టైం టేబుళ్లూ ఇచ్చి లెక్కలు తేల్చమన్నారు. బుర్ర అర్థం మీద ఉంటే వ్యాకరణం తనంత తనే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. ఆర్పీ గారు "మన ప్రభు" అంటూ మొదలుపెట్టి, మాకూ ఒక రైళ్ల టైం టేబుల్ జిరాక్సు పంచారు. అందులో మా ఊళ్లో ఆగే ప్యాసింజరు ఒకటి ఉంది. అది ఆగడం మానేసి పదేళ్లయింది. జాస్మిన్ గ్రూపు అరగంట సేపు ఆ రైలు ఎందుకు ఎత్తేశారో చర్చించింది. తెలుగులోనే అయినా, బుర్రలు మాత్రం పూర్తిగా అర్థం మీదే ఉన్నాయి.

2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఆర్పీ గారి వైభవం చూడాలి. లెక్కల వాళ్లూ, సైన్సు వాళ్లూ కూడా బంతి కిందికి వచ్చారు. లెక్కల మాస్టారి ఒళ్లో పడింది బంతి. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, "లెట్ ఎక్స్ బీ ఈక్వల్ టు వై" అని కూర్చున్నారు. వ్యాకరణంలో తప్పు పట్టడానికి ఎవరికీ సందు దొరకలేదు.

మధ్యాహ్నం ఉచ్చారణ. తెలుగువాడి నోట మాట మొదట్లో ఎ, ఒ లాంటి అచ్చు నిలవదు, దాని ముందు య గానీ వ గానీ వచ్చి కూర్చుంటుందని ఆర్పీ గారు చెబుతారు. నిజమే. యల్, యమ్, యన్ అనే కదా మనం అక్షరాలు చదువుకున్నది. "యెగ్గు కాదు సార్, ఎగ్. వొన్లీ కాదు, ఓన్లీ." పావుగంట సేపు నలభై మందిమి నోళ్లు తెరిచి ఎగ్, ఎగ్ అన్నాం. భోజనాలకి లేచాం. వరసలో అందరికంటే ముందున్న ఆర్పీ గారు గిన్నెలోకి తొంగి చూసి వంటావిడని అడిగారు: "యేమ్మా, యెగ్గు యేదీ?"

ఆయన్ని ఊరికే ఆడిపోసుకుంటే కళ్లు పోతాయి. ఆ చార్టులూ ల్యామినేషనూ సొంత డబ్బు. ఇంట్లో హాలు నిండా ఫ్లాష్ కార్డులే. చెబితే వినడం కాదు, చెప్పిన పని ఒంటితో చేస్తేనే భాష పడుతుందని జేమ్స్ యాషర్ అనే అమెరికా ప్రొఫెసరు చెప్పిన టీపీఆర్ పద్ధతి ఆర్పీ గారి భార్యకి కంఠోపాఠం. "కట్ చెయ్యి, పేస్ట్ చెయ్యి, తెల్లారి ఐదింటికి బాక్సు కట్టు" అని ఆవిడే నాతో అన్నారు. మరి మీ బళ్లో ఇవన్నీ ఎలా సాగుతున్నాయి సార్ అని ఒకసారి టీ దగ్గర ఆయన్నే అడిగాను. "మా బళ్లోనా? టైమెక్కడ చస్తుందండీ!" అన్నారు. ఆయన తొమ్మిదో తరగతిని ఆ రోజు పీఈటీ గారు చూస్తున్నారు.

ఆ టీ దగ్గరే నోరుజారి నా సంగతి ఒకటి చెప్పాను. మా పిల్లలకి ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం ఉండదు. బిస్కెట్ ప్యాకెట్టూ, షాంపూ పొట్లం, మాత్రల అట్టా ఉంటాయి. వాటి మీద ఉన్నదంతా ఇంగ్లీషే. తెచ్చి చదవమన్నాను. కలిసిపోకుండా వెనకాల పెన్సిలుతో రోల్ నంబరు వేసుకోమన్నాను. చల్లని పొడి చోట ఉంచవలెను అన్న వాక్యం ఇంగ్లీషులో ముప్ఫై ప్యాకెట్ల మీద కనిపించేసరికి, ఏ డ్రిల్లూ లేకుండా తరగతి మొత్తానికీ వచ్చేసింది. ఒక పిల్ల వాళ్ల నాయనమ్మ మందుల అట్ట మీద తేదీ చదివి, సాయంత్రం ఇంటికెళ్లి దాన్ని పారేయించింది. ఆర్పీ గారు సమోసా పక్కన పెట్టారు. "శాంపిల్‌కి ఒక నాలుగు ఇద్దురూ" అన్నారు. ఇచ్చాను.

రెండు నెలల తర్వాత జిల్లా శిక్షణలో అది స్లైడు అయిందని విన్నాను. పేరు ర్యాపర్ వాక్. ఇంకో రెండు నెలలకి మా కాంప్లెక్సుకే దిగింది. చెప్పడానికి వచ్చింది కొత్త ఆర్పీ, మా ఆర్పీ గారి శిష్యుడు, చురుకైన కుర్రాడు. "ఫిన్లాండ్‌లో చేస్తారట సార్ ఇది" అన్నాడు. కాదని చెప్పడానికి లేచి నిలబడ్డాను. వాలంటీరు దొరికాడని వాడు నన్ను ముందుకి పిలిచి, చేతిలో ఒక షాంపూ పొట్లం పెట్టాడు. "మీరిప్పుడు మూడో తరగతి సార్. చదవండి."

చత్వారం కళ్లద్దాలు బల్ల మీద వదిలేసి వచ్చాను. ఆవగింజంత అక్షరాలు. సోడియం దాకా వెళ్లాను. ఆ తర్వాతి మాట దగ్గర బండి దిగబడింది. "నో ప్రాబ్లమ్ సార్, ప్రాక్టీస్ చేస్తే వస్తుంది" అని వాడు నా భుజం తట్టి, "సార్‌కి అందరూ ఒక రెయిన్ క్లాప్!" అన్నాడు. ముందు ఒక వేలితో, తర్వాత రెండు వేళ్లతో, మెల్లగా చినుకులు మొదలై వాన పట్టుకుంది.

వాన కురుస్తుండగా పొట్లం తిరగేశాను. వెనకాల పెన్సిలుతో, నేను నేర్పిన పద్ధతిలోనే, 8-బి, 17 అని రాసి ఉంది.