మా ముత్తాత ఉన్న పేజీ ఇప్పించండి

భారత జనాభా లెక్కల కమిషనర్ గారికి,

2021లో రావలసిన మీ మనిషి కోసం రాజేంద్రనగర్‌లో మేమింకా గుమ్మంలోనే ఉన్నాం. 2027 మార్చి 1 సున్నా గంటకు ఎవరెక్కడున్నారో తేలుస్తామన్నారు, సంతోషం. ఆ గంటకు మా వీధిలో చాలామంది శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీలో ఉంటారు. తాళం చూసి ఇల్లు ఖాళీ అని రాసుకోకండి.

లెక్కలు రాసే టీచరమ్మల కష్టం నాకు తెలుసు. అపార్టుమెంట్లో వాచ్‌మన్ ఆపుతాడు, కట్టుబడి పని షెడ్లలో భాష కుదరదు. పాత ఊరి ఆనవాళ్లూ మిగల్లేదు: ఎయిర్‌పోర్టు కింద సుమారు 5,500 ఎకరాలు పోయాయి. మీ పొలమెక్కడ తాతా అంటే కాంపౌండ్ గోడ చూపించే ముసలాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు.

పాతకాలం ఇంతకన్నా సులువేం కాదు. వయసెంత అని అడిగితే మా నాయనమ్మ, హిమాయత్‌సాగర్ కట్ట పోసేటప్పుడు నడక నేర్చానని చెప్పేది. రాసేవాడు ఆమె మొహం చూసి అరవై అనో అరవై అయిదో వేసుకునేవాడు. మొగుడి పేరు అడిగితే ఇంకా చిక్కు. ఏడుకొండల మీదున్నాయన పేరే అంటుంది, పేరు మాత్రం నోటితో పలకదు. మా తాత మీ కాగితాల్లో వెంకటయ్యో, శ్రీనివాసో, బాలాజీయో ఆ పైవాడికే తెలియాలి.

మా ముత్తాత పేరున్న అలాంటి కాగితమే నాక్కావాలి. మా వంశం వెతుకుతూ తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగాను. మొదట జిల్లా ఏదన్నారు. ఇల్లు కదల్లేదు సార్, జిల్లాలే కదిలాయి: నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా, తర్వాత హైదరాబాద్, 1978 నుంచి రంగారెడ్డి. చివరికి 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ, దొరికింది. అందులో భూమి ఉన్నవాళ్లు, సాగులో ఉన్నవాళ్లు ఉన్నారు. మా ముత్తాత జీతగాడు, ఆయన పేరు ఏ సర్వే నంబరు పక్కనా లేదు. పిచ్చుకగుంట్లవాళ్లు వంశాలు పాడేది వాళ్లను పోషించే కులాలకే. కాశీ పండాల పుస్తకంలో పేరెక్కాలంటే రైలు టికెట్టు కొనగలగాలి. ఎకరమూ అంతస్తూ చూడకుండా ఆయన గుడిసె ముందు ఆగి పేరడిగింది మీ మనిషి ఒక్కడే.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటల్లో కూలికి వెళ్లే 342 మందితో డర్బన్ చేరింది. వాళ్లలోనూ, తర్వాతి ఓడల్లో వెళ్లినవాళ్లలోనూ మన తెలుగువాళ్లు ఉన్నారు. ఆ కూలీల జాబితాల్లో ఊరు, వయసు, తండ్రి పేరు రాశారు. వాళ్ల మునిమనవలు ఈరోజు వాటితో సొంత ఊళ్లు వెతుక్కుంటున్నారు. చెరకు తోటలకు వెళ్లినవాడి చిరునామా దొరుకుతోంది, ఊళ్లోనే ఉండిపోయినవాడిది లేదు.

1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ నాకు తెలుసు. మీ రికార్డు చూసే హక్కు ఎవరికీ లేదు. మంచిదే, ఆ భరోసా లేకపోతే జనం పన్నులవాడు వచ్చాడనుకుని సగం అబద్ధాలు చెబుతారు. కానీ రహస్యానికి ఓ గడువుండాలి. అమెరికావాళ్లు 72 ఏళ్లు దాచి 1950 లెక్కలు 2022లో తెరిచారు. మనకు లెక్కించడం నేర్పిన బ్రిటన్ వందేళ్లు ఆగి 1921వి అదే ఏడాది తెరిచింది. మనకు మాత్రం ఎన్నేళ్లయినా అంకెలే ఇస్తారు, మనుషుల్ని ఇవ్వరు.

ఈసారి లెక్క ఫోన్లోనట. కాగితాలకు చెదలు పట్టాయనీ, గదులు చాల్లేవనీ అనడానికి వీల్లేదు. వందేళ్లు తాళం వేసుకోండి, మాకేం తొందర లేదు. 2127లో మా ఇంటి పిల్లెవరైనా వచ్చి రాజేంద్రనగర్ పేజీ అడిగితే మాత్రం ఇవ్వండి.

మా ఇంటికి గుర్తుగా చెప్పే మర్రిచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. సాయంత్రం ఆరు దాటాక రండి, అందరం ఉంటాం.

ఇట్లు,
లెక్కలోకి రావలసిన ఒక రాజేంద్రనగర్ వాసి