రబ్బరు మహిమ

పట్నాల్లోని సర్కారు బడుల్లో పిల్లలకు మార్కులు రావడం లేదని తలలు పట్టుకుంటున్న పెద్దలందరికీ శుభవార్త. టీచరు పోస్టులు నింపనక్కర్లేదు. గదులు కట్టనక్కర్లేదు. పిల్లలు పొద్దున ఏమైనా తిని వచ్చారా అని అడగనే అక్కర్లేదు. ఓ పెన్సిలు, దాని వెనక రబ్బరు ఉంటే చాలు. ఈ విద్య అమెరికాలో, అట్లాంటా నగరంలో ఏళ్ల తరబడి నడిచింది, పతకాలు కూడా తెచ్చింది.

వరమిచ్చింది వాషింగ్టన్. 2002లో అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం, 2014 కల్లా దేశంలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ చదవడంలో, లెక్కల్లో గట్టెక్కి తీరాలంది. నూటికి నూరు మందీ. (చట్టం చేసినవాళ్లకు మాత్రం లెక్కల పరీక్ష పెట్టలేదు.) అట్లాంటా బడుల సూపరింటెండెంట్ బెవర్లీ హాల్ దాని మీద తన లక్ష్యాలు కూడా వడ్డించారు. హెడ్మాస్టర్లకు మూడేళ్ల గడువు. అందుకుంటే బోనసు, అందుకోకపోతే కుర్చీ ఖాళీ. ఏటా జార్జియా డోమ్ అనే ఫుట్‌బాల్ స్టేడియంలో అందరితో సభ. లక్ష్యం చేరిన బడులవాళ్లకు కింద, వేదిక ఎదుట కుర్చీలు. చేరనివాళ్లకు పైన గ్యాలరీ. మన పెళ్లిళ్లలో మగపెళ్లివారి పంక్తి, మిగతావాళ్ల పంక్తి అన్నట్టు.

ఫెయిన్ అనే ప్రాథమిక పాఠశాలలో, తరగతి మార్కులు తక్కువొచ్చాయని ఓ టీచరమ్మను స్టాఫ్ మీటింగులో అందరూ చూస్తుండగా బల్ల కింద పాకించారట హెడ్మాస్టరు. ఇంత క్లుప్తమైన వృత్యంతర శిక్షణ మన డైట్ శిక్షణ సంస్థల్లో కూడా దొరకదు.

ఇలాంటి శిక్షణ పొందినవాళ్లు ఊరికే ఉంటారా? గిడియన్స్ బడి టీచర్లు కొందరు జవాబు పత్రాలు మోసుకెళ్లి, వారాంతంలో ఒకరి ఇంట్లో చేరి, పిల్లలు తప్పుగా దిద్దిన గుండ్రాలు చెరిపి సరైనవి దిద్దిపెట్టారు. వెనీషియన్ హిల్స్‌లో ఈ సేవ చేసే బృందం తమకు తాము ‘ఎంపికైనవాళ్లం’ అని పేరు పెట్టుకుంది. అక్కడి హెడ్మిస్ట్రెస్ వేలిముద్రలు పడకుండా చేతులకు తొడుగులు వేసుకునేవారని ఓ సాక్షి చెప్పారు. వృత్తి పట్ల ఆ శ్రద్ధ చూడండి!

ఫలితాలు పొంగాయి. 2009లో హాల్ గారికి దేశంలోనే ఉత్తమ సూపరింటెండెంట్ పురస్కారం. ఆ ఏడాది పరీక్షలకే ముసురు పట్టింది. తప్పు చెరిపి ఒప్పు దిద్దిన జాడలు కొన్ని తరగతుల్లో యాదృచ్ఛికమని నమ్మడానికి వీల్లేనన్ని కనిపించాయి. 2011 జులైలో విచారణ నివేదిక వచ్చింది: పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం, 178 మంది టీచర్లు, హెడ్మాస్టర్ల ప్రమేయం. మాఫియా ముఠాల కోసం పుట్టిన చట్టం కిందే కేసు పెట్టారు. 2015 ఏప్రిల్ 1న 11 మందికి నేరం రుజువైంది. తారీఖు నేను ఎంచుకున్నది కాదు. తనకేమీ తెలియదంటూ వచ్చిన హాల్, అనారోగ్యం వల్ల విచారణకు రాలేక, తీర్పుకు నెల ముందే కాన్సర్‌తో పోయారు. బల్ల కింద పాకినవాళ్లకు, పాకించినవాళ్లకు ఏదో ఒక శాస్తి జరిగింది. నూటికి నూరు అన్న చట్టం మాత్రం ఏ బోనూ ఎక్కలేదు.

మనకా గొడవ లేదని మురిసిపోకండి. ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ ఓ ప్రయోగం చేశారు. కాగితం మీద పరీక్ష పెట్టి, ఆ బడి మాస్టారినే కాపలా ఉంచితే మార్కులు ఉబ్బాయి. అదే పరీక్ష టాబ్‌లో పెడితే ఆ ఉబ్బు చాలావరకు దిగిపోయింది. మనవాళ్లు చేతులకు తొడుగులు వేసుకునేదాకా వెళ్లినట్టు లేదు. మన దగ్గర అంత అవసరం కూడా పడదు లెండి, అడిగేదెవరు?

ఇంతకీ పిల్లల సంగతి. చదవడం రాని పిల్లకు చదవడం వచ్చిందని కాగితం వస్తే జరిగేదేమిటి? ఆమెకు అదనంగా పాఠం చెప్పాల్సిన మనిషి రాడు. వచ్చిన పిల్లకు మళ్లీ చెప్పడమెందుకు? తల్లికి అనుమానం వచ్చి బడికెళ్లి అడిగితే, ఇదిగో మీ అమ్మాయి మార్కులు అని చూపిస్తారు. వెనకబడ్డ బడులకు ఇచ్చే ప్రత్యేక నిధులు కూడా ఆగిపోతాయి, ఆ బడి ముందుకొచ్చేసింది కనుక. అలా రెండు మూడు తరగతులు దాటాక ఆ పిల్ల ఎదురుగా పేజీ నిండా అక్షరాలుంటాయి, పైన ‘ఉత్తీర్ణత’ ఉంటుంది.

తీర్పు తర్వాత అట్లాంటా బడుల యంత్రాంగం మేలుకుంది. ఎవరి జవాబులు టీచర్లు మార్చారో ఆ పిల్లల్లో ఇంకా బడుల్లో మిగిలినవాళ్లను వెతికి, వాళ్లకు విడిగా ట్యూషన్లు, సలహాలు ఇప్పించే పథకం పెట్టింది. దానికి పెట్టిన పేరు: టార్గెట్ 2021.