సూక్ష్మజీవులకు సెలవు లేదు

ఒకాయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వికారాబాద్ దగ్గర రెండెకరాల పది గుంటలు కొన్నప్పుడు బంధువులు రెండు జట్లయ్యారు. ఒక జట్టుకు జాలి, రెండో జట్టుకు కూరగాయలు ఊరికే వస్తాయన్న ఆశ. ఇప్పుడు పొలం కౌలుకిచ్చి మళ్లీ ఉద్యోగంలో చేరాడని తెలిశాక రెండు జట్లూ ఒక్కటై, "మేం అప్పుడే చెప్పాం" అంటున్నాయి. నిజానికి ఎవరూ చెప్పలేదు. సొరకాయలు మాత్రం పట్టుకెళ్లారు.

2016లో పద్మశ్రీ అందుకున్న సుభాష్ పాలేకర్ ప్రకృతి సేద్యం మీద ఇచ్చే ప్రసంగాలు విన్నాక ఈ దారి పట్టినవాళ్లలో ఆయనొకడు. జీవామృతం తయారీ చదివితే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. 200 లీటర్ల నీళ్లలో పది కిలోల నాటు ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో 48 గంటలు మురిగితే ఎకరానికి సరిపడా మందు. కొనాల్సినవి బెల్లం, శనగపిండి మాత్రమే. ఇంట్లో బజ్జీలకు పిండి లేకపోతే డ్రమ్ములో ఉందని అందరికీ తెలిసిపోయేది.

అయితే ఆ డ్రమ్మును పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పాలి. అందులోని సూక్ష్మజీవులకు ఆదివారం లేదు, పేరెంట్స్ మీటింగ్ అంతకన్నా లేదు. డ్రమ్ము వికారాబాద్‌లో, కుటుంబం హైదరాబాద్‌లో. మధ్యలో డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. పురుగులకు కొట్టే దశపర్ణి కషాయం మరీ మొండిది, నలభై రోజులు ఊరితే గానీ పనికిరాదు. ఇక కంది కోత సరిగ్గా సంక్రాంతికి అటూఇటుగా వస్తుంది. అమలాపురంలో అత్తగారు అల్లుడి కోసం అరిసెలు వండితే, అల్లుడు ఇక్కడ కందికట్టెల మధ్య నిలబడి వీడియో కాల్‌లో వాటిని చూసేవాడు.

పురుగులకే కొట్టే మరో మందు, అగ్నిఅస్త్రం సంగతి వేరే చెప్పాలి. ఆవు మూత్రంలో వేపాకు, పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ముద్ద వేసి మరిగించాలి. ఓ వానాకాలం పొలం దగ్గర కట్టెలు తడిసిపోయి మండలేదు. కందికి కాయతొలిచే పురుగు పట్టింది, ఆలస్యమైతే కాయ దక్కదు. ఆయన క్యాన్లు కారెక్కించి మూడో అంతస్తులోని సొంత వంటగదికి తెచ్చి, గ్యాస్ పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి నాలుగో అంతస్తు నుంచి దగ్గులు వినిపించాయి. ఎదురింటి పెద్దాయన తలుపు తట్టి, "ఏం కూరండీ ఇది?" అని అడిగాడు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టింది. పురుగు సంగతేమో గానీ, అద్దెకున్న ఒక కుటుంబం మాత్రం ఖాళీ చేసి వెళ్లిపోయింది.

ఖర్చుల కోసం ఆయన ఒక నోటుబుక్కు పెట్టాడు: బెల్లం, కూలి, డీజిల్, కోతులను తోలడానికి టపాకాయలు. ఒక రాత్రి ఆయన భార్య పెన్ను తీసుకుని కింద తన వంతు రాసింది. "పాప డాన్సు ప్రోగ్రాం: రాలేదు. అత్తయ్య కంటి ఆపరేషన్: డిశ్చార్జి టైముకు వచ్చారు. సంక్రాంతి: కంది." రూపాయల గడి ఖాళీగా వదిలేసి, "ఇప్పుడు టోటల్ వెయ్యండి" అంది.

ఆయన తన వాదన కోసం ఫుకువోకాను తెచ్చాడు. 'గడ్డిపరకతో విప్లవం'గా తెలుగులోకి వచ్చిన పుస్తకం రాసిన జపాన్ రైతు కదా. దెబ్బ అక్కడే తగిలింది, ఎందుకంటే ఆవిడ ఆ పుస్తకం పూర్తిగా చదివింది. ఫుకువోకా కస్టమ్స్‌లో మొక్కల తనిఖీ ఉద్యోగం వదిలి, తండ్రి నారింజ తోటను ప్రకృతికి వదిలేస్తే, కొమ్మలు పెనవేసుకుని, పురుగు పట్టి చెట్లు ఎండిపోయాయి. ఆ తర్వాత ఆయన జపాన్‌లోనే కోచిలో పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి వెళ్లాడు. పూర్తిగా పొలానికి తిరిగొచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకే. "మీ గురువుగారే బ్రేక్ తీసుకున్నారు" అంది ఆవిడ.

కౌలుకు తీసుకున్న రైతు ఇల్లు పొలానికి పిలిస్తే పలికేంత దూరం. తల్లి ఆవుకు గడ్డి వేస్తుంది, భార్య కలుపు తీస్తుంది, కొడుకు బడికి పోయేముందు డ్రమ్ము తిప్పిపోతాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేద్యాన్ని ఊళ్లకు చేర్చడంలో రైతు సాధికార సంస్థ మహిళా సంఘాలను ముందు పెట్టుకోవడం ఊరికే కాదు. ఒంటి మనిషి, ఒక కారు, ఒక యూట్యూబ్ ఛానెల్‌తో అయ్యే పని కాదిది. హైదరాబాద్ చుట్టూ వారాంతపు రైతులు తోటకో గేటు, గేటుకో బోర్డు పెడుతూనే ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఒకరు పెన్ను వెతుక్కుంటూనే ఉండి ఉంటారు.

మొన్న ఆదివారం ఆయన పాపతో క్యారమ్స్ ఆడుతుంటే కౌలురైతు ఫోన్ చేశాడు. ఫోను స్పీకర్‌లో ఉంది. "పంట మంచిగనే ఉంది సారూ, పరేషాన్ గాకుండ్రి. ఒక్కటే సమజైతలేదు. ఇంత మంచి శనగపిండి డ్రమ్ముల పోసుడేంది? మిర్చీలేసుకుంటే గాదా?"

వంటగదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది: "ఏమండీ, ఆయన నంబరు నాక్కూడా పంపండి."